బిబ్ పెట్టుకున్నంక మెల్లగ ఉరుకుతవా?

ఆర్మూర్‌లో పసుపు ధర మీద వాదన లేని ఇల్లు ఉండదు. మారథాన్ మీద వాదన జరిగే ఇల్లు మాత్రం నాకు తెలిసి ఒక్కటే. మామ ప్రభుత్వ బడిలో పీఈటీగా చేసి రిటైరయ్యాడు. పెర్కిట్ పక్కన రెండెకరాల్లో పసుపు వేస్తాడు. మేనకోడలు బ్యాంకు ఉద్యోగి. నిరుడు హైదరాబాద్‌లో హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్లు, 2 గంటల 10 నిమిషాల్లో ముగించింది. ఆమె గురి జనవరి మూడో ఆదివారం జరిగే ముంబై మారథాన్ మీద ఉంది. ఆ లోపల, ఆగస్టు చివరి ఆదివారం హైదరాబాద్ మారథాన్‌లో ఏకంగా 42 కిలోమీటర్లకు పేరిచ్చి వచ్చింది. పోటీకి కాదట, ముంబైకి తయారీలో భాగంగా ఒక పొడుగు పరుగు తీయడానికట. మామకు ఆ ముక్క మింగుడుపడలేదు. సిద్ధుల గుట్ట ఘాట్ రోడ్డు ఎక్కి దిగి, కింద చాయ్ తాగుతూ వాళ్లు పడిన వాదనను వాళ్ల మాటల్లోనే ఇస్తున్నాను. మధ్యలో నోరు పెట్టకుండా ఉండటం నావల్ల కాలేదు, అక్కడక్కడా కుండలీకరణాల్లో దూరాను.

మామ: నాకొక్కటే సమజ్ కాదు బిడ్డా. పైసలు కట్టినవ్. బస్సెక్కి హైదరాబాద్ పోతవ్. నడిరాత్రి లేచి నెక్లెస్ రోడ్డు కాడ నిలబడ్తవ్. ఛాతి మీద నంబరు బిబ్, దాని ఎనుక చిప్పు. ఇంత చేసి ‘నేను పోటీకి రాలే, ప్రాక్టీసుకు వచ్చిన’ అంటవా? బడిల ఉన్నన్ని దినాలు పిలగాండ్లకు గిదే చెప్పిన. గ్రౌండుల చేసేది ప్రాక్టీసు. సున్నం గీత మీద నిలబడ్డంక చేసేది పోటీ. రెండు కలపొద్దు.

మేనకోడలు: నువ్వు చెప్పింది నాలుగు వందల మీటర్లు, పదిహేను వందల మీటర్లు ఉరికే పిలగాండ్లకు మామా. వాళ్లకు గ్రౌండున్నది, పక్కన నువ్వున్నవ్. నేను ముప్పై కిలోమీటర్లు ఉరకాలంటే ఆర్మూర్ల జాగ ఏది?

మామ: నలభై నాలుగో నంబరు హైవే ఉన్నది, అరవై మూడో నంబరు ఉన్నది. రెండు జాతీయ రహదారులు కలిసే ఊళ్లె ఉండి తొవ్వ లేదంటవా?

మేనకోడలు: కలిసే ఊరు కాబట్టే లేదంటున్న. నాలుగింటికి బయలెల్లితే లారీల లైట్లు కండ్లల్ల కొడతయ్. అంచుకు దిగితే కంకర. పెర్కిట్ దాటితే కుక్కలు ఎంబడి పడతయ్. ఒక దినం ఎవరో పెద్దాయన బండి ఆపి ‘బస్సు తప్పిపోయిందా బిడ్డా, నిజామాబాద్ దాకా దింపాల్నా’ అన్నడు. మంచోడే పాపం. కానీ బండి ఆపేటోళ్లందరు మంచోళ్లే ఉంటరా? బాల్కొండ దిక్కు లక్ష్మి కాలువ గట్టు మస్తుంటది, చీకట్ల ఒక్కదాన్ని ఎట్ల పోత? పోనీ కాలేజీ గ్రౌండుల తిరుగుదామంటే ముప్పై కిలోమీటర్లకు డెబ్బై అయిదు చుట్లు. ఎప్పటికీ ఒక్క దిక్కే మల్లుతుంటే ఎడమ మోకాలు గుంజుతది. హైదరాబాద్ల నేను కొనుక్కున్నది మెడల్ కాదు మామా. ఒక్క పొద్దుగాల కోసం బండ్లు ఆపిన తొవ్వ కొనుక్కున్న. రెండు మూడు కిలోమీటర్లకొకసారి నీళ్లు, మూలమూలకు పోలీసు, పడితే ఎత్తేటందుకు అంబులెన్స్, నా ముందట ఎనుక నా అసొంటి ఆడోళ్లు. గీ ఊళ్లె ఏ ధరకు దొరుకుతది గది?

(మామ కొంతసేపు మాట్లాడలేదు. ఆడపిల్లల ఖోఖో జట్టును జిల్లా పోటీలకు తీసుకుపోవడానికి ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రులను ఒప్పించిన మనిషి ఆయన. ఈ ఇబ్బంది ఆయనకు కొత్త కాదు. శిక్షణ పుస్తకాలు రాసిన దొరలెవరూ పరుగు తీయడానికి రోడ్డు ఉంటుందా అన్న ప్రశ్నతో మొదలుపెట్టరు. మా ఊళ్లలో మొదటి ప్రశ్న అదే.)

మామ: తొవ్వ సంగతి ఒప్పుకుంట. నేనంటున్నది నీ సంగతి. నంబరు పెట్టుకున్న ఒంటికి బుద్ధి ఉండదు. పక్కన వేల మంది ఉరుకుతుంటరు, డప్పులు కొడుతుంటరు, సంటి పోరగాండ్లు చేతులు చాపుతరు. మెల్లగనే పోతున్న అనుకుంటవ్, గడియారం చూస్తే కిలోమీటరుకు అర నిమిషం ముందటుంటవ్. నిరుడు హాఫ్‌ల కిలోమీటరుకు ఆరు నిమిషాల పది సెకండ్ల లెక్కన పోత అన్నవ్. మొదటి అయిదు కిలోమీటర్లు ఎంతల పోయినవ్?

మేనకోడలు: అయిదు నలభై.

మామ: ఇగో. హాఫ్ కాబట్టి బతికినవ్. కండల్ల, కార్జంల నిలువ ఉండే గ్లైకోజెన్ గట్టిగ ఉరికితే గంటన్నర, రెండు గంటలకు ఒడుస్తది. నువ్వు నాలుగు గంటలకు మీద ఉరకాలె. మొదలు తొందరపడ్డ సంగతి ముప్పై కాడ తెలుస్తది, అప్పటికి చేసేదేం లేదు. ఇంకోటి చెప్త ఇను. ఏటా పసుపు తవ్వినంక మంచి కొమ్ము ఏరి విత్తనానికి పక్కన పెడత. నిజామాబాద్ మార్కెట్ల ధర మంచిగున్నదని గా విత్తనం సుత తోలుకపోయి అమ్మితే పైసలొస్తయ్, పేరొస్తది. మల్ల జూన్ల భూమిల ఏం పెడత? జనవరికి దాచుకున్న బలం ఆగస్టుల అమ్ముకుంటా అంటున్నవ్ నువ్వు.

మేనకోడలు: అమ్మను. గందుకే లెక్క రాసుకున్న. నిరుటి హాఫ్ టైము చూస్తే ఫుల్ నాలుగున్నర గంటలల్ల అయితది. అంటే పోటీ వేగం కిలోమీటరుకు ఆరున్నర నిమిషాల దగ్గర. నేను హైదరాబాద్ల పోయేది ఏడున్నరతోని. అయిదుంబావు గంటల లెక్కన వేగం పట్టించే పేసర్ల గుంపు ఉంటది, ‘బస్సు’ అంటరు. వాళ్ల ఎనుక నిలబడ్త, వాళ్లను దాటను. నా పక్కన ఎవరు ఎంత ఎగిరినా నాకు పేసర్ జెండా ఒక్కటే కనవడాలె. ఒక్కదాన్ని హైవే మీద ఉరికితే వేగం పట్టుకునేటోళ్లు లేరు. నువ్వన్న తొందర ఇంటికాడ ప్రాక్టీసుల సుత ఉంటది మామా, అక్కడ ఆపేటోడే ఉండడు.

మామ: పేసర్ ఆపుతడా? పేసర్ కథ ఒకటి నాకెరుకే. 2016 జనవరి, ముంబైల. కేరళ పిలగాడు గోపి తొనక్కల్, ఆర్మీల ఉంటడు. నితేంద్ర సింగ్ రావత్‌కు వేగం పట్టించేటందుకు దిగిండు. సగం పనికి వచ్చినోడు ఆగలే. అట్లనే పోయి పోయి 2 గంటల 16 నిమిషాల 15 సెకండ్లకు ముగించిండు. రియో ఒలింపిక్స్‌కు సీటు దొరికింది!

మేనకోడలు: మంచిగనే అయింది గదా! నా దిక్కు మాట్లాడుతున్నవా?

మామ: నీ దిక్కు కాదు. గోపి ఆగలేకపోయిండు అంటున్న. రియోల 25వ స్థానం, మల్ల ఏడాది చైనాల ఆసియా మారథాన్ బంగారం. ఏండ్ల తయారీ ఎనుకున్న కాళ్లు కాబట్టి ఆగకున్నా నడిచింది. వారానికి నలభై అయిదు కిలోమీటర్లు ఉరికే నువ్వు ఆగకపోతే ఏమైతది? నువ్వు ఇప్పటిదాకా ఉరికిన అన్నిటికన్న పొడుగు ఎంత?

మేనకోడలు: ఇరవై ఆరు.

మామ: ఇరవై ఆరు దాటనిదానివి నలభై రెండును ప్రాక్టీసు అంటున్నవ్! నీ వారం మొత్తం ఉరికేది ఒక్క పొద్దుగాల ఉరుకుత అనుడే గది. జాక్ డేనియల్స్ అని అమెరికాల పెద్ద కోచ్. పొడుగు పరుగు రెండున్నర గంటలు దాటొద్దు, వారం మొత్తంల పావు వంతు, మహా అంటే ముప్పై శాతం దాటొద్దు అని రాసిండు. నీ ఏడున్నర లెక్కన రెండున్నర గంటలకు ఎంత అయితది? ఇరవై కిలోమీటర్లు. అంటే ఒక హాఫ్. హాఫ్‌కు పోయి మెల్లగ ఉరికి రా, నేను నోరు తెరవను.

(ఈ లెక్క దగ్గర నేను కాగితం తీసి వేసి చూశాను. మామ మాట తప్పు కాదు. నిదానంగా పరుగెత్తేవాళ్లకు కిలోమీటర్లలో చెప్పే సలహా మోసం చేస్తుంది. రెండుంబావు గంటల్లో మారథాన్ ముగించేవాడికి 32 కిలోమీటర్ల నెమ్మది పరుగు రెండుంబావు గంటల పని. మన మేనకోడలికి అదే దూరం నాలుగు గంటలు. కాళ్లకు దెబ్బ కొట్టేది దూరం ఒక్కటే కాదు, నిలబడి ఉన్న సమయం కూడా.)

మేనకోడలు: డేనియల్స్ ఒక్కడే కోచా? హాల్ హిగ్డన్ కొత్తోళ్లకు రాసిన పట్టికల ముప్పై రెండు కిలోమీటర్ల పరుగు ఉంటది. నాలుగున్నర గంటలు కాళ్ల మీద ఉండుడు అంటే ఏందో ఎన్నడూ ఎరుక లేకుండ ముంబై పోవాల్నా? పెద్దర్ రోడ్డు ఎక్కుడు తిరుగు తొవ్వల, ఒళ్లు అలిసినంక వస్తది. గది ఎట్లుంటదో ఎవరు చెప్తరు? ఇగ తాగుడు, తినుడు. 2002 బోస్టన్ మారథాన్ల 488 మందికి రక్తపరీక్ష చేస్తే వందకు పదమూడు మందికి సోడియం పడిపోయి ఉన్నది. చాలామంది నీళ్లు తక్కువ తాగి కాదు, ఎక్కువ తాగి. ఎన్ని నీళ్లు, ఎన్నో కిలోమీటరు కాడ ఓఆర్‌ఎస్, జెల్ తింటే కడుపు ఏమంటది, ఉరుక్కుంట గ్లాసు ఎట్ల పట్టాలె, గివన్నీ నేర్చుకునే జాగ నీళ్ల స్టాళ్లు ఉన్న పోటీనే గదా. ఆగస్టుల హైదరాబాద్ ఉక్కపోత, ఫ్లైఓవర్ల ఎక్కుడు దిగుడు. ముంబై సముద్రపు గాలికి గింతకన్న మంచి తయారీ ఏడ దొరుకుతది?

మామ: ఉక్కపోత ఆర్మూర్ల లేదా? నాట్లకు పోయి చూడు.

మేనకోడలు: నవ్వించకు. నేను సదివిన ఇంకో సంగతి చెప్త. న్యూజిలాండ్ పీటర్ స్నెల్ నీకు ఎరుకే.

మామ: 1960 రోమ్, 800 మీటర్లు. ఆర్థర్ లిడియార్డ్ శిష్యుడు. బడిల పాఠం చెప్పినప్పుడల్లా ఆయన పేరు తీసేటోన్ని.

మేనకోడలు: గాయన 1961 డిసెంబర్ల మారథాన్ ఉరికిండు. 800 మీటర్ల మనిషి! చివరికొచ్చేసరికి శక్తి ఒడిసి కూలబడ్డడు, లేచి ముగించిండు. మల్ల రెండు నెలలు కాకముందే, 1962 జనవరి 27 నాడు మైలు పరుగుల 3 నిమిషాల 54.4 సెకండ్లతో ప్రపంచ రికార్డు కొట్టిండు. పొడుగు పోటీ ఆయన బలాన్ని అమ్మలే, పెంచింది. ఇంకోడు, జపాన్ల యూకి కవౌచి. నా లెక్కనే నౌకరి చేసుకునేటోడు, సైతామా సర్కారు హైస్కూలు ఆఫీసుల గుమాస్తా. కంపెనీ జట్టు లేదు, దినాం పొద్దు మాపు ప్రాక్టీసు చేసే తీరిక లేదు. గందుకే ఆదివారం ఆదివారం ఏదో ఒక పోటీకి పోయి అదే ప్రాక్టీసు అనుకునేటోడు. సొంతూరు కుకిల సూటు బూటు ఏసుకొని హాఫ్ సుత ఉరికిండు. 2018 జనవరి 1 నాడు మసాచుసెట్స్‌ల మార్ష్‌ఫీల్డ్ అనే ఊళ్లె, గడ్డ కట్టే చలిల మారథాన్ ఉరికిండు. గదే ఏడాది ఏప్రిల్ల, గదే రాష్ట్రంల, వానల ఎదురుగాలిల బోస్టన్ మారథాన్ గెలిచిండు. 2 గంటల 15 నిమిషాల 58 సెకండ్లు. పెద్ద పెద్దోళ్లు నడుమల వదిలేసి పోయిండ్రు గా దినం.

మామ: కవౌచి అప్పటికే రెండు గంటల ఎనిమిది నిమిషాలల్ల ఉరికినోడు. ఆయనకు రెండుంబావు గంటలకు ఉరుకుడు నిజంగనే ప్రాక్టీసు. స్నెల్ లిడియార్డ్ కింద వారానికి వంద మైళ్లు ఉరికేటోడు, ఆదివారం ఆదివారం వైటాకెరే కొండల్ల ఇరవై రెండు మైళ్లు. నీ లెక్కల చెప్పాలంటే ముప్పై అయిదు కిలోమీటర్లు, ఏ నంబరు లేకుండ, ఏ మెడల్ లేకుండ. గంత పునాది ఉన్నోనికి మారథాన్ ప్రాక్టీసే. ఎవరి మాట తీసుకుంటవో వాళ్ల పునాది సుత తీసుకో. కెన్యా కిప్చోగె చూడు, మస్తు ఏండ్లు ఏడాదికి రెండే మారథాన్లు ఉరికిండు. కప్తగాట్ మట్టి తొవ్వల మీద నలభై కిలోమీటర్లు ఉరికేటోడు గని నంబరు పెట్టుకునేటోడు కాదు.

మేనకోడలు: కిప్చోగెకు జట్టున్నది, ఎనుక నీళ్ల బండున్నది. నాకు ఎనుక ఏమున్నది? కుక్కలు.

(ఇద్దరూ నవ్వారు. అయితే మామ ఆగలేదు. ఆయన దగ్గర మా జిల్లా ఉదాహరణే ఒకటి ఉంది.)

మామ: దేశదేశాలు ఎందుకు. మన సిరికొండ మండలం పాకాల పిల్ల మాలావత్ పూర్ణ. 2014 మే 25 నాడు ఎవరెస్టు ఎక్కే నాటికి పద్నాలుగేండ్లు నిండలే. ఎట్ల తయారైంది? భువనగిరి గుట్ట మీద తాడు పట్టుడు నేర్చుకున్నది. డార్జిలింగ్ పోయి రెనాక్ పర్వతం ఎక్కింది. లడక్ చలిల ఉన్నది. ఎవరెస్టుకు ప్రాక్టీసు అని చెప్పి ఎవరెస్టునే ఒకసారి మెల్లగ ఎక్కి రాలే గదా!

మేనకోడలు: కానీ రెనాక్ సుత నిజమైన మంచు పర్వతమే మామా. బడి గోడ కాదు. నేనంటున్నదీ గదే. నిజమైన పోటీ కావాలె, చిన్నదైనా.

మామ: అయితే చిన్నదానికి పోవాలె. నువ్వు పోతున్నది పెద్దదానికి.

మేనకోడలు (కొంచెం ఆగి): దక్షిణాఫ్రికాల కామ్రేడ్స్ అని తొంభై కిలోమీటర్ల దగ్గర ఉంటది, పన్నెండు గంటల గడువు, 1921 నుంచి నడుస్తున్నది. దానికి పోయేటోళ్లు చానామంది రెండు నెలల ముందట కేప్‌టౌన్ల 56 కిలోమీటర్ల టూ ఓషన్స్ ఉరుకుతరు, ప్రాక్టీసు అని. తొంభైకి యాభై ఆరు. మూడింట రెండు వంతులు కూడ కాదు. నీ మాట ప్రకారమే నలభై రెండుకు ఇరవై అయిదు, ఇరవై ఆరు అయితది.

మామ: గట్ల దారికి రా.

మేనకోడలు: ఇరవై అయిదు కిలోమీటర్ల పోటీ సుత ఉన్నది, డిసెంబర్ల. ముంబైకి నెల ముందట. సరిగ్గ కావాల్సిన టైముకు. ఏడనో ఎరుకేనా? కోల్‌కతల. ప్రాక్టీసు ఉరుకుడుకు కోల్‌కత దాకా రైలెక్కి పోవాల్నా? బ్యాంకుల సెలవు అడిగితే మేనేజర్ ఏమంటడు?

మామ: మారథాన్ పిచ్చిది అంటడు. ఇప్పుడేం అంటలేడా?

(కోల్‌కతా 25కె 2014లో మొదలైంది. దూరం, తేదీ రెండూ ముంబైకి తయారయ్యేవాళ్ల కోసమే పెట్టినట్టుంటాయి. మన దిక్కు అటువంటి పోటీ ఉంటే ఈ వాదన పావుగంటలో తేలేది. పది, ఇరవై ఒకటి, నలభై రెండు, ఈ మూడు గళ్లే మనకు దొరుకుతున్నాయి. శిక్షణకు కావలసిన దూరాలు ఆ గళ్ల మధ్యలో ఉన్నాయి.)

మేనకోడలు: హాఫ్‌కు మార్చుకుంటే పొద్దుగాల స్టార్ట్ కంటె ముందట అయిదారు కిలోమీటర్లు నెక్లెస్ రోడ్డు మీద మెల్లగ ఉరికి, తర్వాత ఇరవై ఒకటి. ఇరవై ఏడు అయితది. లెక్క మంచిగనే ఉన్నది. కానీ నాకు ముప్పై కావాలె మామా. ఒక్కసారి ముప్పై దాటి చూడాలె. ముప్పైల నాకేమైతదో ఎరుక లేకుండ జనవరిల పోలేను. నలభై రెండు మొత్తం ఉరుకుత అని నేనెప్పుడన్న? ముప్పై కాడ పక్కకు జరుగుత.

మామ: జరగవ్.

మేనకోడలు: జరుగుత.

మామ: ముప్పై దాకా వచ్చినంక పన్నెండే మిగులుతది. ‘ఇంత దూరం వచ్చిన, గింత పోలేనా’ అనిపిస్తది. మెడ మీద ఏసుకునే మెడల్ గచ్చిబౌలి స్టేడియంల కనవడుతుంటది. ముప్పై కాడ ఆగితే రిజల్టుల నీ పేరు ముందట ‘డీఎన్‌ఎఫ్’ అని రాస్తరు, ముగించలే అని. బ్యాంకుల నీ దోస్తులు ఫోన్ల నీ నంబరు కొట్టి చూస్తరు. ఊళ్లె ‘సారు మేనకోడలు నడుమల కూలబడ్డదట’ అంటరు. తట్టుకుంటవా?

మేనకోడలు: అంటే అననీ. చెప్పేటోళ్లకు చెప్త, ఆగుదామని పోయిన, ఆగిన అని.

మామ: మంచిగ మాట్లాడుతున్నవ్ ఇప్పుడు, కుర్చీల కూసొని. మొత్తం ఉరికితే ఏమైతదో సుత ఇను. పాతకాలం లెక్క ఒకటున్నది, పోటీల ఉరికిన మైలుకొక దినం నెమ్మది. ఇరవై ఆరు మైళ్లు, ఇరవై ఆరు దినాలు. సెప్టెంబర్ పోయింది.

మేనకోడలు: పోతే పోనీ. ఆగస్టు చివర నుంచి ముంబైకి ఇరవై వారాలు. నాలుగు వారాలు నెమ్మది, చివర మూడు వారాలు తగ్గించుకునుడు. నడుమల పదమూడు వారాలు మిగిలినయ్. గవి చాలవా?

మామ: కాళ్లు మంచిగుంటే చాలతయ్. నొప్పితోని గా పదమూడు వారాలు ఏం చేస్తవ్? పోటీల పట్టిన నొప్పి పోటీ అయిపోయిన మరుసటి దినమే కనవడదు బిడ్డా. మూడు వారాలకు, ‘ఇగ మంచిగైంది’ అని గట్టిగ మొదలువెట్టిన దినం కనవడతది. షిన్ బోను పట్టుకొని ఏడ్చిన పిలగాండ్లను మస్తుమందిని చూసిన. ఒక్కనికి సుత పోటీ దినం నొప్పి లేదు.

(ఈ మాటతో మేనకోడలు చాయ్ గ్లాసు కింద పెట్టింది. ఇది పుస్తకంలోది కాదు, ముప్పై ఏళ్లు గ్రౌండులో నిలబడి చూసిన మనిషి మాట. వాదనలో ఆమె కొంచెం వంగిన చోటు ఏదైనా ఉంటే ఇదే.)

మేనకోడలు: అయితే ఒకటి చేద్దాం. నువ్వు రా.

మామ: నేను ఏడికి?

మేనకోడలు: హైదరాబాద్‌కు. ముప్పయ్యో కిలోమీటరు బోర్డు కాడ నిలబడు. నేను వస్త. నన్ను ఆపి పక్కకు గుంజు. నా బుద్ధి మీద నమ్మకం లేదు గదా నీకు, నీ చెయ్యి మీద ఉన్నదా?

మామ: ఆపితే ఆగుతవా?

మేనకోడలు: ఆగుత. మెడల్ అడగను, నంబరు ఇంకొకరికి ఇయ్యను, చిప్పు ఫినిష్ గీత దాటదు. ముప్పై ముప్పైయే.

మామ: ఇరవై అయిదు కాడ నిలబడ్త.

మేనకోడలు: ఇరవై ఎనిమిది.

మామ: కూరగాయల బేరమా ఇది? సరే, ఇరవై ఎనిమిది. ఒక్క షరతు. గా లోపల జులైల రెండు ఆదివారాలు ఇరవై నాలుగు చొప్పున నా ముందట ఉరకాలె. నేను బండి మీద ఎనుక వస్త, నీళ్లు పట్టుకొని. కాలువ గట్టు మీద.

మేనకోడలు: ఇన్ని దినాలు గా మాట ఎందుకు చెప్పలే మామా?

మామ: నువ్వు అడగలే.

వాదన అక్కడ ముగిసింది గానీ తేలిందని నేననను. నన్నడిగితే, మొదటి ఫుల్ మారథాన్ ఎవరికీ శిక్షణ పరుగు కాదు. ఇరవై ఆరు దాటని కాళ్లకు హాఫ్, దాని ముందు అయిదారు కిలోమీటర్లు సరైన తయారీ. అదీ పేసర్ల వెనుక, చివరి వరసలో, మనసులో ముందే రాసుకున్న వేగంతో. ఆ మేరకు మామ గెలిచాడు. పోటీని శిక్షణగా వాడుకోవడమే తప్పన్న ఆయన మొదటి మాట మాత్రం ఓడింది. జట్టు లేనివాళ్లకు, కోచ్ లేనివాళ్లకు, తెల్లవారుజామున రోడ్డెక్కడానికి జంకే ఆడపిల్లలకు పోటీయే గ్రౌండు. 2011లో హైదరాబాద్ రన్నర్స్ మొదలుపెట్టిన మారథాన్‌కు జిల్లాల నుంచి బస్సెక్కి పోయేవాళ్లు అందరూ మెడల్ కోసమే పోతున్నారని అనుకోవద్దు.

ఆర్మూర్ మున్సిపాలిటీకి, పోలీసులకు ఒక విన్నపం. పసుపు బోర్డు కోసం ఈ ప్రాంతం ఏళ్ల తరబడి కొట్లాడింది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు నిజామాబాద్ నుంచి పోటీకి నిలబడి దేశమంతా మన వైపు చూసేలా చేశారు. 2025 జనవరిలో బోర్డు వచ్చింది. ఇప్పుడు అడుగుతున్నది అంత పెద్దది కాదు. హైదరాబాద్‌లో 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద వాహనాలు ఆపి రోడ్డును జనానికి వదిలారు. అలాగే నెలకు ఒక ఆదివారం, పొద్దున అయిదు నుంచి ఎనిమిది దాకా, ఊళ్లో ఒక నాలుగు కిలోమీటర్ల రోడ్డు మీద బండ్లు ఆపండి. రెండు చోట్ల నీళ్ల డ్రమ్ములు, ఇద్దరు కానిస్టేబుళ్లు ఉంటే చాలు. పరుగెత్తేవాళ్లు మేం వస్తాం.